మేము అన్యులమా అమ్మాయ్?

ఒంగోలులో ఇప్పుడున్న అపార్ట్‌మెంటుకి మేము 2014లో వచ్చాం. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. మాది బాప్టిస్టు కుటుంబం. తాతముత్తాతల నుంచీ ఆదివారం అంటే గుడి, సాయంత్రం అంటే కుటుంబ ప్రార్థన. ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడా, ఆవిడ భర్తా ఉండేవారు. మొదటి వారంలోనే ఆవిడ నాకు పిన్నిగారు అయ్యారు, ఆయన బాబాయిగారు. మా చిన్నవాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో పిలుచుకొచ్చింది ఆయనే.

2016లో బాబాయిగారు గుండెపోటుతో పోయారు. కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయిన మూడో రోజు సాయంత్రం నేను పలకరించడానికి వెళ్ళాను. పిన్నిగారు సోఫాలో ఒక మూలగా కూర్చుని ఉన్నారు. టీపాయ్ మీద బాబాయిగారి కళ్ళజోడు పెట్టె అలాగే ఉంది. నా చేతిలో ఒక కరపత్రం. కాసేపు మాట్లాడాక అన్నాను: "ప్రభువును నమ్ముకుంటే ఈ దుఃఖం తేలికవుతుంది పిన్నిగారూ. బాబాయిగారికి ఆ అవకాశం లేకుండా పోయింది."

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. "అంటే మీ బాబాయి ఇప్పుడు ఎక్కడున్నట్టు అమ్మాయ్?" అని అడిగారు.

నా నోట మాట రాలేదు. ఆవిడ కరపత్రం తీసుకుని, మడత పెట్టి, కళ్ళజోడు పెట్టె కింద పెట్టారు. నేను లేచి వచ్చేశాను. ఆ తలుపు ఎనిమిది నెలలు నాకోసం తెరుచుకోలేదు. లిఫ్టులో కనిపిస్తే నవ్వేవారు, అంతే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, వేరే నమ్మకం ఉన్నవాళ్ళతో యేసు గురించి ఎలా మాట్లాడాలో నేను ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు. ఆ సాయంత్రం చేసిన తప్పు దగ్గర మొదలుపెట్టి, తొమ్మిదేళ్ళుగా కొంచెం కొంచెం నేర్చుకుంటున్నాను. నా ఉద్దేశం మంచిదే. ఆవిడ మీద ప్రేమతోనే వెళ్ళాను. కానీ ఆవిడ దుఃఖంలో ఉంటే, నేను ఆ దుఃఖాన్ని నా సువార్తకు సందుగా వాడుకున్నాను.

నెలల తరబడి మనసులో పెట్టుకుని, చివరికి మా అయ్యగారికి చెప్పాను. పెద్దాయన, ముప్పై ఏళ్ళకు పైగా పాస్టరుగా చేసినవారు. అంతా విని ఒక్కటే అడిగారు: "ఆమె నిన్ను అడిగిందా?" తర్వాత పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం తీసి చదవమన్నారు. చిన్నప్పుడు కంఠస్థం చేసిన వచనమే. సమాధానం చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి అన్న ముక్క నాకు బాగా గుర్తుంది. కానీ ఆ సమాధానం "హేతువు అడుగు ప్రతివానికిని" అని ఉంది. చెప్పే తీరు "సాత్వికముతోను భయముతోను" అని ఉంది. అడగడం ముందు, చెప్పడం తర్వాత. ఇన్నేళ్ళలో ఆ రెండు ముక్కలూ నా కంట పడలేదు.

మర్నాడు సాయంత్రం ఎదురింటి బెల్లు కొట్టాను. బైబిలు తీసుకెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను: "ఆ రోజు నేనన్నది తప్పు పిన్నిగారూ. బాబాయిగారు ఎక్కడున్నారో తీర్పు చెప్పడానికి నేనెవరిని? మీరు ఏడుస్తున్నప్పుడు నేను పాఠం చెప్పాను. నన్ను క్షమించండి." ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "లోపలికి రా, పాలు పొంగుతాయి" అంటూ వంటింట్లోకి వెళ్ళారు. ఆ రోజు మేము మతం గురించి ఒక్క ముక్కా మాట్లాడలేదు. బాబాయిగారు ఆటో పిలుచుకొచ్చిన రాత్రి గురించి నేను చెప్పాను. ఆవిడ విన్నారు.

మరుసటి ఏడాది మా సంఘంలో మూడు రోజుల ఉజ్జీవ సభలు జరిగాయి. మైకులు మా వీధి దాకా వినపడ్డాయి. మర్నాడు పొద్దున్న పిన్నిగారు ముగ్గు వేస్తూ తలెత్తి అడిగారు: "నిన్న మీ వాళ్ళు అన్యుల మధ్య వెలుగులా ఉండాలి అని ప్రార్థన చేశారు. మేము అన్యులమా అమ్మాయ్?"

ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. "అన్యుల ఇంట్లో పెళ్ళి", "అన్యుల పండగ" అని ఇంట్లో అలవాటుగా అనేస్తాం. అది ఎదుటివాళ్ళ చెవిలో ఎలా పడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. వివరించడానికి చూశాను. బైబిల్లో అన్యజనులు అంటే యూదులు కానివాళ్ళు, ఆ లెక్కన నేనూ అన్యజనురాలినే, మా తాతలూ అంతే అన్నాను. పిన్నిగారు ముగ్గు చుక్కలు కలుపుతూనే, "మీ పుస్తకంలో అర్థం ఏదైనా కానీ, మైకులో వినేవాళ్ళకి పరాయివాళ్ళు అనే కదా వినపడేది" అన్నారు.

తర్వాతి వారం స్త్రీల సమాజంలో ఈ సంగతి చెప్పాను. గట్టిగానే ఎదురొచ్చింది. "బైబిల్లో ఉన్న మాట మార్చమంటావా?" అని ఒకావిడ లేచారు. బైబిలు మార్చమని కాదు, మన ప్రార్థనల్లో మన ఇరుగుపొరుగుని మనం ఏమని పిలుస్తున్నామో చూసుకుందాం అన్నాను. తీర్మానం ఏమీ జరగలేదు. కానీ ఆరోజు లేచి మాట్లాడిన ఆవిడే కొన్ని నెలల తర్వాత "మా చుట్టుపక్కల కుటుంబాల కోసం ప్రభువా" అని ప్రార్థించడం విన్నాను. నాకు ఆ పూట ఎంత సంతోషమైందో చెప్పలేను.

ప్రసాదం సంగతి ఇంకా కష్టం. క్రైస్తవుల ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది తెలుసు. వినాయక చవితికో దసరాకో పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వస్తారు. కొందరు తీసుకుని తింటారు, కొందరు తీసుకుని పనమ్మాయికి ఇస్తారు, కొందరు గుమ్మంలోనే వద్దంటారు. నేను రెండో రకం. తీసుకునేదాన్ని, నవ్వేదాన్ని, తినేదాన్ని కాదు. విగ్రహాలకు అర్పించినవాటి గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు చదివితే ఇది రెండు వేల ఏళ్ళనాటి ఇబ్బందే అని తెలుస్తుంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినమంటాడు. ఇది అర్పించినది అని చెబితే మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. మా సంఘంలోనే దీని మీద ఒకరిది ఒక మాట కాదు.

ఒక శ్రావణ శుక్రవారం పిన్నిగారు పులిహోర తెచ్చారు. ఆ రోజు దాచలేకపోయాను. "పిన్నిగారూ, ఇన్నాళ్ళూ మీరిచ్చింది నేను తినలేదు. మీ చేతి వంట మీద చులకన కాదు. దేవుడికి పెట్టింది తినడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు. మీకు అబద్ధం చెబుతున్నట్టుంది, అందుకే చెప్పేస్తున్నాను" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు. ఆ శుక్రవారమంతా నాకు టెన్షనే.

పై శుక్రవారం మళ్ళీ బెల్లు. ఈసారి మూత ఉన్న చిన్న స్టీలు గిన్నె. "ఇది నీకోసం విడిగా కలిపాను. ఈ గిన్నె దేవుడి గదిలోకి వెళ్ళలేదు" అన్నారు. మూత తీస్తే ఇంగువ పోపు వాసన గుప్పున కొట్టింది, పైన నాలుగు వేయించిన పల్లీలు, ఒక ఎండుమిర్చి. నిష్ఠగా పూజ చేసుకునే మనిషికి పండగపూట ఇంకోసారి వేరే గిన్నెలో వంట అంటే ఎంత పనో నాకు తెలుసు. గుమ్మంలోనే నిలబడి రెండు ముద్దలు తిన్నాను.

అప్పుడు ఆవిడా ఒక నిజం చెప్పారు. ప్రతి క్రిస్మస్‌కీ నేను పంపే కేకులో గుడ్డు ఉంటుందని తెలిసి, వాచ్‌మన్ పిల్లలకి ఇచ్చేసేవారట. అక్కడితో ఆగలేదు. "నీ దగ్గర దాచడమెందుకు, మీ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా తాగలేదు చూశావా. అది గుడ్డు వల్ల కాదు" అన్నారు. నాకు ఆ సంగతి మొదటి నెలనుంచీ తెలుసు. మేము ఏ పల్లె నుంచి, ఊరికి ఏ వైపు నుంచి వచ్చామో ఆవిడకి తెలుసు. నేను దేవుడి పేరుతో ఆవిడ గిన్నె తినలేదు, ఆవిడ కులం పేరుతో నా గ్లాసు ముట్టలేదు. ఈ రెండూ సమానమని నేను ఒప్పుకోను, ఆ మాటే ఆవిడతోనూ అన్నాను: "నేను వద్దన్నది అన్నాన్ని పిన్నిగారూ. మీరు వద్దన్నది మనిషిని." చాలా కటువైన మాట అది. కానీ అప్పటికి మా మధ్య అలాంటి మాట నిలబడే చోటు ఏర్పడింది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడు క్రిస్మస్‌కి మా ఇంట్లో కూర్చుని ఒక అరిసె తిని, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. అప్పుడు ఆవిడకి డెబ్బై ఒక్కటో ఏడు.

స్కూల్లో నడిచిన కథ వేరు. స్టాఫ్ రూమ్‌లో ఒక సహోద్యోగి ఓసారి నవ్వుతూ, "మీ తాతలు బియ్యానికి మారినవాళ్ళే కదండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట అరిచాను. ఇంటికొచ్చాక, అరిస్తే ఆయనకి తెలిసిందేమిటి అనిపించింది. మా ముసలివాళ్ళు చెప్పినవీ, పుస్తకాల్లో ఉన్నవీ కలిపి చదువుకున్నాను. వారం తర్వాత టీ టైములో, "ఆ రోజు మీరడిగినదానికి జవాబు చెప్పనా సార్?" అని అడిగి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టాను.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి కూలిపని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. తిండికోసం వచ్చారనే మాట పడకూడదని ఆపాడు. ఆ సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాయనమ్మ వాళ్ళ పెద్దలు ఆ జనంలో ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు.

"ఆకలికి ఇందులో చోటే లేదని నేననను సార్" అన్నాను. "ఆకలి ఉంది. బడి ఉంది. ఊరిబయట బతికినవాణ్ణి పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ఉన్నాడు. ఇన్నింటి మధ్య వాళ్ళు దేవుణ్ణి చూశారు. అవమానం పోవాలనుకోవడం భక్తి కాదని ఎలా అంటాం?"

ఆయన కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత నిజంగానే తెలుసుకోవాలని అడిగారు: "మరి మీ చర్చిల్లో కులం పోయిందా మేడమ్?" పోయిందని చెప్పాలని నా మనసు ఎంత కొట్టుకుందో! పోలేదు. సంబంధాలు చూసేటప్పుడు మా వాళ్ళూ కులం అడుగుతారు. మాలలవి, మాదిగలవి విడివిడి సంఘాలున్న ఊళ్ళు మన జిల్లాలోనే ఉన్నాయి. అదే చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడే తీరు మారింది. నా మతంలోని లోటు నేనే ఒప్పుకున్నాక ఆయన గుచ్చడం మానేశారు. ఆ తర్వాతే కులం సర్టిఫికెట్ల ప్రశ్న కూడా మర్యాదగా అడిగారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే అన్నారనీ, 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ ఇచ్చారనీ, క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్‌లో ఉన్నారనీ చెప్పాను. మా ఇంట్లో ఉన్నవి ఆ బీసీ-సి కాగితాలే. చర్చికి వెళుతూ కాగితాల్లో హిందువులుగా ఉన్నవాళ్ళని నేను తప్పుపట్టలేను, కారణం తెలుసు కాబట్టి. కానీ వాళ్ళ గురించి అడిగినవాళ్ళని శత్రువులుగా చూడడం మానేశాను.

అదే స్టాఫ్ రూమ్‌లో మా తెలుగు మాస్టారు నాకు కవి గుర్రం జాషువాని పరిచయం చేశారు. నేను క్రైస్తవురాలినై ఉండి, స్కూలు పాఠంలో ఉన్నంతే చదివాను. ఆయన వైష్ణవులు, జాషువా పద్యాలు నోటికి వచ్చు. "హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలకి పల్లెటూళ్ళలో వన్స్‌మోర్‌లు కొడతారు. రాసినాయనది ఏ మతమని ఎవరూ అడగరమ్మా" అన్నారు. వినుకొండలో పుట్టిన ఆ మనిషి 'గబ్బిలం' కావ్యంలో గబ్బిలంతో శివుడికి మొర పంపాడు, క్రీస్తు చరిత్ర పద్యాల్లో రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మాస్టారి దగ్గర ఆ పుస్తకం తీసుకుని చదువుతుంటే, యేసు మాటలు మా సంఘం తెలుగులో కాక మా ఊరి తెలుగులో మొదటిసారి విన్నట్టయింది. అప్పటి నుంచి వేరేవాళ్ళతో మాట్లాడేటప్పుడు రక్షణ, విమోచన, అభిషేకం లాంటి మా మాటలు తగ్గించుకున్నాను. ఏం జరిగిందో చెబుతాను, మామూలుగా.

మా బయాలజీ మేడమ్ ముస్లిం. రంజాన్ నెలలో ఒకరోజు, "ఈసా అలైహిస్సలామ్ మాకూ ప్రవక్తే. మర్యమ్ పేరుతో ఖురాన్‌లో ఒక సూరా ఉంది, పందొమ్మిదోది" అన్నారు. ఈసా అంటే యేసే. ఆయన కన్యకు పుట్టాడన్నది ఇద్దరం నమ్ముతాం. సిలువ దగ్గరికి వచ్చేసరికి దారులు విడిపోయాయి. ఆయన సిలువ మీద చనిపోలేదన్నది వాళ్ళ నమ్మకం, ఆ చావు లేకపోతే నా నమ్మకమే లేదు. "దేవుడికి కొడుకేంటి మేడమ్?" అని ఆవిడ అడిగితే, మా భాషలో కుమారుడంటే శరీర సంబంధం కాదని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు, విన్నారు. ఇఫ్తార్‌కి పిలిస్తే వెళ్ళి ఖర్జూరం తిని వచ్చాను.

అందరికంటే నన్ను ఇబ్బంది పెట్టినవాడు మా చెల్లెలి కొడుకు. విజయవాడలో చదువుతూ నాస్తిక కేంద్రం సభలకు వెళ్ళడం మొదలుపెట్టాడు. "చిన్నపిల్లలు ఎందుకు చచ్చిపోతారు పెద్దమ్మా, నీ దేవుడు చూస్తూ ఉంటాడా?" అని అడిగాడు. జవాబులున్న పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. వాటిని తీయలేదు. "నాకు తెలియదు నాన్నా. నేనూ ఆయన్ని అదే అడుగుతుంటాను" అన్నాను. వాడు ఇప్పటికీ నమ్మడు. కానీ నాకు ఫోన్ చేస్తాడు. జాషువా కూతురు హేమలత, ఆ నాస్తిక కేంద్రం పెట్టిన గోరాగారి కొడుకు లవణాన్ని పెళ్ళి చేసుకుని, ఇద్దరూ కలిసి దేవత పేరున అర్పించిన జోగినీల కోసం పనిచేశారని చెప్పింది కూడా వాడే.

కరోనా తర్వాత ఒకరోజు పిన్నిగారు సూటిగా అడిగేశారు: "నిజం చెప్పు అమ్మాయ్. నన్ను మీ మతంలో కలపాలని నీకుందా?"

క్లాసులో రాజ్యాంగం పాఠం చెప్పేటప్పుడు 25వ అధికరణం చెబుతాను. మతాన్ని నమ్మే, పాటించే, ప్రచారం చేసే స్వేచ్ఛ అందులో ఉంది. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరి మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పిందనీ చెబుతాను. పిన్నిగారు అడిగింది ఆ పాఠం కాదు. లేదు అంటే అబద్ధం, అవును అని ఊరుకుంటే సగం నిజం.

"నాకు దొరికింది మీకూ దొరకాలని ఉంది పిన్నిగారూ. దాన్ని దాచను. రోజూ ప్రార్థనలో మీ పేరుంటుంది. కానీ మీరు ఎప్పటికీ రాకపోయినా నాకు మీరు తగ్గరు. మీరు అడగకుండా ఆ సంగతి ఎత్తను" అన్నాను.

"నేనూ రోజూ మీ పిల్లల పేరు మీద దీపం పెడతాను. నిన్నడిగి పెట్టానా?" అన్నారు ఆవిడ. నాకు ఏమనాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మాకొక అలవాటైంది. రెండో శనివారం సెలవైతే మధ్యాహ్నం ఆవిడ పోతన భాగవతంలోంచి ఒక ఘట్టం చదువుతారు, నన్ను అడిగితే నేను బైబిల్లోంచి చదువుతాను. గజేంద్ర మోక్షం చదివిన రోజు, మొసలి పట్టులో ఒంట్లో సత్తువంతా పోయి ఏనుగు మొరపెట్టుకునే పద్యం దగ్గర ఆవిడ గొంతు వణికింది. నేను 69వ కీర్తన తీసి "జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి" అని మొదలుపెట్టాను. రెండూ ఒకటే అని నేననను, ఆవిడా అనరు. కానీ నీళ్ళలో మునుగుతున్నవాడి కేక ఇద్దరికీ తెలుసు, ఆవిడకి బాబాయిగారు పోయినప్పటి నుంచి, నాకు మా అమ్మ పోయినప్పటి నుంచి.

పోయిన నెల లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి కథ చదవమన్నారు. చిన్నవాడు ఆస్తి పంచుకుని పోయి, అంతా పాడుచేసుకుని తిరిగొస్తాడు. తండ్రి ఎదురు పరుగెత్తి ముద్దు పెట్టుకుంటాడు. ఇంట్లో విందు. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు అలిగి లోపలికి రాడు. తండ్రే బయటికొచ్చి బతిమాలతాడు. నేను ఆపేశాను.

"పెద్దవాడు లోపలికి వెళ్ళాడా?" అన్నారు పిన్నిగారు.

"అది రాయలేదు పిన్నిగారూ. కథ అక్కడితో అయిపోతుంది."

ఎన్నిసార్లు విన్నానో ఆ కథ, ఎన్ని ప్రసంగాలో. అందరూ చిన్నవాడి గురించే చెబుతారు. పిన్నిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అయితే ఆ తండ్రి ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడన్నమాట" అన్నారు. వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది. ఆవిడ లేవలేదు. నేను వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చాను.